ఊపిరితిత్తులు పెద్దవి, దారులు చిన్నవి

బరువు ఎక్కువగా ఉన్న పన్నెండేళ్ల కుమారుడికి మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందనీ, స్పైరోమెట్రీ అనే ఊపిరి కొలిచే పరీక్ష చేయిస్తే ఊపిరితిత్తుల సామర్థ్యం ఉండవలసిన దానికంటే కాస్త ఎక్కువే ఉన్నట్టు వచ్చిందనీ, అదే కాగితం మీద ఒక నిష్పత్తి మాత్రం తక్కువగా నమోదయిందనీ ఒక పాఠకురాలు రాశారు. సామర్థ్యం ఎక్కువే అయితే ఆయాసం ఎందుకు, పరీక్షలో పొరపాటు జరిగిందా, లేక పిల్లవాడే బద్ధకిస్తున్నాడా అన్నది ఆమె సందేహం. పరీక్షలో పొరపాటు లేకపోవచ్చు. బద్ధకం అన్న మాటను పిల్లల విషయంలో మనం మరీ తొందరపడి వాడుతుంటాం. చిన్న వయసులో వచ్చే స్థూలకాయం ఊపిరితిత్తులను ఎలా మారుస్తుందో చెప్పే అత్యంత విచిత్రమైన అంశం ఆమె పంపిన ఆ రెండు అంకెల మధ్యే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో 5 నుంచి 19 ఏళ్ల వయసు వారిలో 39 కోట్ల మందికి పైగా అధిక బరువుతో ఉన్నారు; వారిలో 16 కోట్ల మందిది స్థూలకాయం. పెద్దలకు మాదిరిగా పిల్లలకు ఒకే బీఎంఐ అంకెతో గీత గీయరు. అదే వయసు వారితో, ఆడపిల్లలను ఆడపిల్లలతో, మగపిల్లలను మగపిల్లలతో పోల్చి నిర్ణయిస్తారు. కొలత గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

స్పైరోమెట్రీలో పిల్లవాడు వీలైనంత గాలి పీల్చుకుని, ఒక్క ఊపులో, ఇక రాదు అనేంత వరకు ఊదుతాడు. మొత్తం వచ్చిన గాలి ఎఫ్‌వీసీ. అందులో మొదటి సెకనులో వచ్చినది ఎఫ్‌ఈవీ1. రెండో దాన్ని మొదటి దానితో భాగిస్తే వచ్చేదే ఆ నిష్పత్తి. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఇది సాధారణంగా 80 శాతానికి పైన, బాగా చిన్నవారిలో 90 శాతం దగ్గర ఉంటుంది. లండన్ వైద్యుడు జాన్ హచిన్‌సన్ 1846లో రెండు వేల మందికి పైగా ఊపిరిని కొలిచి, సామర్థ్యం ఎత్తును బట్టి క్రమంగా పెరుగుతుందని చూపాడు. నేటికీ ‘ఉండవలసిన’ విలువను వయసు, ఎత్తు, లింగం వంటి వివరాలతోనే లెక్కిస్తారు. 2012లో వెలువడిన ప్రపంచ ప్రామాణిక సమీకరణాల్లోనూ బరువుకు చోటు లేదు. అందువల్ల బరువు వల్ల వచ్చే తేడా ఏదైనా లెక్కలో కలిసిపోకుండా ఫలితంలో బయటపడుతుంది.

ఆ తేడా పెద్దల్లో ఒక రకంగా, పిల్లల్లో మరో రకంగా ఉంటుంది. స్థూలకాయం ఉన్న పెద్దల్లో ఎఫ్‌వీసీ, ఎఫ్‌ఈవీ1 రెండూ దాదాపు కలిసి తగ్గుతాయి కాబట్టి నిష్పత్తి చెక్కుచెదరదు. పిల్లల్లో, కౌమారంలో ఉన్నవారిలో మాత్రం ఎఫ్‌వీసీ మామూలుగానో, మామూలు కంటే ఎక్కువగానో ఉంటుంది. ఎఫ్‌ఈవీ1 కూడా కొంత పెరుగుతుంది గానీ అంతగా కాదు. ఫలితంగా నిష్పత్తి పడిపోతుంది.

దీన్ని ఒక నీళ్ల సీసాతో ఊహించుకోవచ్చు. ఒకే వెడల్పు మెడ ఉన్న రెండు సీసాల్లో ఒకదాని పొట్ట పెద్దది, రెండోదాని పొట్ట చిన్నది అనుకుందాం. రెండింటినీ నిండుగా నింపి ఒకేసారి వంచితే మొదటి సెకనులో రెండింటి నుంచీ దాదాపు సమానంగా నీళ్లు వస్తాయి, ఎందుకంటే వేగాన్ని శాసించేది మెడ. కానీ పెద్ద సీసాలో ఉన్న నీళ్లే ఎక్కువ కనుక, అందులో మొదటి సెకనులో బయటపడిన భాగం శాతంగా చూస్తే తక్కువ. పెద్ద సీసాకు మెడలో ఏ అడ్డూ లేదు, ఏ రోగమూ లేదు. దాని పొట్టకు తగిన మెడ లేదు, అంతే. ఊపిరితిత్తికీ దాని నాళాలకూ మధ్య ఇలాంటి పొంతన లేని ఎదుగుదలకు గ్రీన్, మీడ్, టర్నర్ అనే శాస్త్రవేత్తలు 1974లో డిస్‌ఎనాప్సిస్ అని పేరు పెట్టారు. ఆరోగ్యవంతుల్లో కూడా ఒకరి ఊదుడు వేగానికీ మరొకరి వేగానికీ ఎందుకంత తేడా ఉంటుందన్న ప్రశ్నతో వారు బయలుదేరారు.

పొట్ట, మెడ వేర్వేరుగా ఎదగడం ఎలా సాధ్యమన్నది గర్భస్థ శిశువు దగ్గరకు వెళ్తే అర్థమవుతుంది. శ్వాసనాళం రెండుగా, ఆ రెండూ నాలుగుగా చీలుతూ పోయే కొమ్మల ఏర్పాటులో గాలిని మోసుకెళ్లే నాళాల వరకు జరగవలసిన చీలిక గర్భంలో పదహారు, పదిహేడు వారాలకే దాదాపు పూర్తవుతుంది. ఆ తర్వాత కొత్త నాళాలు పుట్టవు. ఉన్నవే పొడవు, వెడల్పు పెరుగుతాయి. రక్తంలోకి ప్రాణవాయువును పంపే వాయుగోణులు మాత్రం ఎక్కువ భాగం పుట్టిన తర్వాతే, ముఖ్యంగా తొలి సంవత్సరాల్లో ఏర్పడతాయి. పెద్దవారయ్యేసరికి వాటి సంఖ్య సుమారు 48 కోట్లకు చేరుతుంది. ఒకే అవయవంలోని రెండు భాగాలు రెండు వేర్వేరు కాలపట్టికలను అనుసరిస్తున్నాయన్నమాట. ఎదుగుదలను తొందరపెట్టేది ఏదైనా ఒకదాన్ని ముందుకు తోసి రెండోదాన్ని వెనక వదిలేయగలదు.

స్థూలకాయం ఆ పని చేస్తుందని 2017లో ఎరిక్ ఫోర్నో బృందం ఆరు వేర్వేరు పిల్లల సమూహాల వివరాలను విశ్లేషించి చూపింది. ఎఫ్‌ఈవీ1, ఎఫ్‌వీసీ మామూలుగా ఉండి నిష్పత్తి 80 శాతం కంటే తక్కువగా ఉన్న స్థితి అధిక బరువు ఉన్న పిల్లల్లో ఎక్కువగా కనిపించింది. ఉబ్బసం లేని పిల్లల్లోనూ ఈ సంబంధం ఉంది. స్థూలకాయంతో పాటు ఉబ్బసం కూడా ఉండి, ఈ పొంతన కుదరని పిల్లల్లో తీవ్రమైన దాడులు ఎక్కువగా వచ్చాయి. సీసా పొట్టను, అంటే ఊపిరితిత్తి పరిమాణాన్ని, పెంచుతున్నది ఏమిటన్న దాని మీద వాదం ఇంకా నడుస్తోంది: బరువు ఎక్కువగా ఉన్న పిల్లలు యవ్వనారంభానికి ముందు తోటివారి కంటే పొడవుగా, వయసుకు మించిన ఎదుగుదలతో ఉంటారు కాబట్టి హార్మోన్ల పాత్రను కొందరు ప్రస్తావిస్తారు, ఎక్కువ బరువును మోయడం వల్ల శ్వాస కండరాలు బలపడతాయని మరికొందరు అంటారు.

మెడ, అంటే గాలి నాళం, కొద్దిగా ఇరుకైతే ఏమవుతుందిలే అనుకోవడానికి లేదు. నాళంలో ప్రవాహం ప్రశాంతంగా సాగుతున్నప్పుడు దానికి ఎదురయ్యే నిరోధం వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. వ్యాసార్ధం 10 శాతం తగ్గితే నిరోధం 52 శాతం పెరుగుతుంది. సగమైతే పదహారు రెట్లవుతుంది. బలంగా ఊదేటప్పుడు కథ మరింత చిక్కుపడుతుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న ఒత్తిడి నాళాలనే నొక్కేస్తుంది. ఒక హద్దు దాటాక ఎంత గట్టిగా ఊదినా వేగం పెరగదు. ఆ హద్దును ఊపిరితిత్తి ముడుచుకునే ఒత్తిడి, నాళాల వెడల్పు కలిసి నిర్ణయిస్తాయి. మీడ్ 1980లో సగం గాలి ఊదేసిన క్షణంలోని ప్రవాహ వేగాన్ని, ఆ స్థితిలోని ముడుచుకునే ఒత్తిడితోనూ మొత్తం సామర్థ్యంతోనూ భాగించి, మెడకూ పొట్టకూ ఉన్న పొంతనను ఒకే అంకెగా మార్చాడు.

అయితే సీసా పోలిక ఒక చోట పూర్తిగా విఫలమవుతుంది, ఆ వైఫల్యమే మిగతా సగం కథ. సీసా మెడ గట్టిది. ఊపిరితిత్తుల్లోని నాళాలు అలా కాదు. చుట్టూ ఉన్న కణజాలం వాటిని అన్ని వైపులా లాగి పట్టుకుని ఉంటుంది కాబట్టి, ఊపిరితిత్తి ఉబ్బితే అవి వెడల్పవుతాయి, ఊపిరితిత్తి కుంచించుకుంటే ఇరుకవుతాయి. అందువల్ల పిల్లవాడు మామూలుగా ఊపిరి వదిలాక లోపల ఎంత గాలి మిగిలి ఉంటుందన్నది చాలా ముఖ్యం. బడి పాఠంలో ఊపిరితిత్తి ఉబ్బడం, ముడుచుకోవడం చెబుతారు గానీ మిగిలిపోయే ఈ గాలి గురించి పెద్దగా చెప్పరు. పెద్దవారిలో అది రెండు లీటర్లకు పైగా ఉంటుంది, దాన్ని ఎఫ్‌ఆర్‌సీ అంటారు. లోపలికి ముడుచుకోవాలనే ఊపిరితిత్తికీ, వెలుపలికి విచ్చుకోవాలనే ఉరఃపంజరానికీ మధ్య కుదిరిన రాజీ అది.

పొట్టలోని కొవ్వు ఉదర వితానాన్ని కింద నుంచి పైకి నెడుతుంది. ఛాతీ మీది కొవ్వు ఉరఃపంజరాన్ని బరువుతో అదుముతుంది. రాజీ బిందువు కిందికి జారుతుంది. పెద్దల మీద 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో బీఎంఐ 20 ఉన్నవారితో పోలిస్తే 30 ఉన్నవారిలో ఎఫ్‌ఆర్‌సీ 75 శాతమే ఉంది. మామూలుగా వదిలాక ఇంకా బలవంతంగా వదలగలిగే గాలి, అంటే ఈఆర్‌వీ, 47 శాతానికి పడిపోయింది. పిల్లల్లోనూ మార్పు ఇదే దిశలో ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే ఈ గాలి ఇంకా తగ్గుతుంది. ఊపిరితిత్తుల అడుగు భాగాల్లోని సన్నని నాళికలు ఊపిరి వదిలిన చివర్లో మూసుకుపోతాయి, రక్తం అక్కడికి వెళ్తుంది గానీ గాలి సరిగా చేరదు.

ఇంకో సూక్ష్మమైన నష్టం కూడా ఉంది. నాళాల గోడల్లోని నునుపు కండరం ప్రతి శ్వాసకూ కొద్దిగా సాగుతూ ఉంటే సడలి ఉంటుందనీ, సాగడం తగ్గితే దాని ప్రోటీన్ బంధాలు నెమ్మదించి బిగుసుకుపోతాయనీ 1990లలో జెఫ్రీ ఫ్రెడ్‌బర్గ్ బృందం వివరించింది. తక్కువ గాలితో, లోతు లేకుండా, వేగంగా ఊపిరి తీసుకునే శరీరంలో ఆ సాగుడే కరువవుతుంది. అప్పుడు ఇరుకు నాళం మరింత ఇరుకవుతుంది.

ఇక ఆయాసానికి ఉబ్బసమే కారణమా అన్నది విడిగా తేల్చవలసిన ప్రశ్న. నిష్పత్తి తగ్గడం ఉబ్బసంలోనూ, ఈ పొంతన లేని ఎదుగుదలలోనూ కనిపిస్తుంది గనుక, నాళాలను సడలించే మందు పీల్పించి పరీక్షను మళ్లీ చేసి, ఎఫ్‌ఈవీ1 గణనీయంగా పెరిగిందా లేదా అని చూస్తారు. వాపు వల్ల వచ్చిన ఇరుకును స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తగ్గించగలదు. కొలతల పొంతన లేకపోవడం వల్ల వచ్చిన దాన్ని తగ్గించలేదు. స్థూలకాయం ఉన్న పిల్లల్లో ఉబ్బసం మందులు ఆశించినంతగా పనిచేయకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. అందుకని వైద్యుడు రాసిన ఇన్‌హేలర్‌ను సొంతంగా ఆపేయడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే రెండు సమస్యలూ ఒకే పిల్లవాడిలో ఉండవచ్చు.

బరువు తగ్గినప్పుడు మొదట కోలుకునేది ఉదర వితానం మీది ఒత్తిడి, దానితో ఈఆర్‌వీ. ఎదిగిన ఊపిరితిత్తికీ నాళాలకూ ఉన్న పొంతన మాత్రం అంత త్వరగా మారే విషయం కాదు. కాబట్టి ఆ కుర్రవాడికి కొన్ని నెలల తర్వాత ఆయాసం తగ్గి, కాగితం మీద నిష్పత్తి అలాగే ఉంటే ఆశ్చర్యపోనక్కరలేదు. మళ్లీ పరీక్షకు వెళ్లినప్పుడు బలంగా ఊదించే పరీక్షతో పాటు, నెమ్మదిగా ఊదించి ఈఆర్‌వీని కూడా కొలవమని అడగడం మంచిది.