ఏసీలో ముక్కు దిబ్బడ: ఎంత చీదినా ఏమీ రాదేం?

చెన్నైలో మే నెల సంగతి తెలిసిందేగా, ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డులో బస్సు దిగి ఆఫీసు దాకా నడిచేసరికి చొక్కా తడిసి ముద్దవుతుంది, లోపలికెళ్లి ఏసీ కింద కూర్చున్న పావుగంటకి ముక్కు దిబ్బడేస్తుంది. చీదుతాం, ఏమీ రాదు, ఇంకా గట్టిగా చీదితే చెవులు గుయ్యిమంటాయి అంతే. ఎందుకంటే చాలాసార్లు అక్కడ దారి మూసేది చీమిడి కాదు, రక్తం.

ముక్కు లోపల పక్కగోడలకి టర్బినేట్లని మెత్తటి మడతలుంటాయి, వాటినిండా స్పాంజిలాగా రక్తనాళాలే. పీల్చిన గాలిని వేడిచేసి, తేమ పట్టించి ఊపిరితిత్తులకి పంపే డ్యూటీ వీటిది. ఏసీ గాలి చల్లగా ఉండటమే కాదు, పొడిగా కూడా ఉంటుంది, బయట పైపులోంచి కారే నీళ్లన్నీ గది గాలిలోంచి పిండినవే కదా (అసలు 1902లో విల్లిస్ క్యారియర్ అనే ఇంజనీరు ఈ యంత్రాన్ని డిజైన్ చేసిందే న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమ అదుపు చేయడానికి). కొందరికి ఈ తేడా తగలగానే నరాలు అతిచేసి ఆ నాళాలు ఉబ్బిపోతాయి. ఇది ఎలర్జీ కాదు, అందుకే సెట్రిజిన్ వేసుకున్నా పెద్దగా ఫలితముండదు. దురద, వరస తుమ్ములు, కళ్ల నీళ్లు కూడా ఉంటే మాత్రం ఏసీ ఫిల్టర్లో దుమ్ముని, లోపలి బూజుని అనుమానించండి.

మా పిన్నికి అన్నిటికీ అమృతాంజనమే, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలెట్టి తర్వాత మద్రాసు తెచ్చిన మన తెలుగు డబ్బా. అందులోని పుదీనా సత్తు చల్లదనం పసిగట్టే నరాల్ని తడుతుంది, దాంతో గాలి బాగా ఆడుతున్నట్టు మెదడుకి అనిపిస్తుంది, కొలిచి చూస్తే మాత్రం దారి అంతే ఇరుకు. పోనీ హాయిగా ఉంటుందిగా, రాసుకోండి.

అసలు భయపడాల్సింది మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చేసే ముక్కు చుక్కలకి. ఆక్సీమెటాజొలిన్ లాంటివి నిమిషాల్లో నాళాల్ని ముడిచేస్తాయి, మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడారో మందు ప్రభావం తగ్గగానే ముక్కు మునుపటికన్నా గట్టిగా బిగుస్తుంది, మళ్లీ చుక్కలు, మళ్లీ బిగుసుడు. దానికన్నా కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు కలిపి ముక్కు కడుక్కోవడం నయం, కుళాయి నీళ్లు మాత్రం వద్దు. ఇంట్లో అయితే ఏసీ 26 పెట్టి ఫ్యాన్ వేసుకోండి, గాలి మొహానికి కొట్టకుండా ఏసీ రెక్కలు పైకి తిప్పండి. ఎప్పుడూ ఒకే పక్క మూసుకుపోతున్నా, రక్తం పడుతున్నా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికెళ్లాల్సిందే.

ఆఫీసులో రిమోట్ మన చేతిలో ఉండదు కాబట్టి నేను సీటు మార్పించుకున్నా. ఆ వెంట్ కింద ఇప్పుడు కొత్తగా చేరిన కుర్రాడు కూర్చుంటున్నాడు, నిన్నటి నుంచి చీదుతున్నాడు పాపం.