డాక్టరు తల వెనకాల ఎందుకు కూర్చున్నాడు?

మొన్న మా మేనకోడలు ఫోన్ చేసి "మావయ్యా, కార్టూన్లలో పేషెంటుని పడుకోబెట్టి డాక్టరు తల వెనకాల కూర్చుంటాడు కదా, ఎందుకలా?" అని అడిగింది. డిగ్రీలో సైకాలజీ దానిది, మనసుని ఇడ్, ఈగో, సూపర్ ఈగో అని మూడు డబ్బాలుగా గీసి మార్కులు తెచ్చుకోవడం నేర్పారు గానీ ఇది మాత్రం ఎవరూ చెప్పలేదట. ఆ డబ్బాల జోలికి నేనూ పోను, బోరు. అసలు మజా అంతా, మాటలతోనే మనసు జబ్బులు నయం చేయాలని చూసిన వియన్నా డాక్టరు ఫ్రాయిడ్ వాడిన ఆ దివాన్ కాట్ లాంటి కౌచ్ దగ్గరే ఉంది.

1880లో వియన్నాలో బ్రాయర్ అనే డాక్టరుకి ఒక 21 ఏళ్ల అమ్మాయి కేసు వచ్చింది. కుడి చెయ్యి బిగుసుకుపోయింది, సొంత భాష జర్మన్ పోయి ఇంగ్లీషే మిగిలింది. మన దగ్గరైతే గాలి సోకిందని వేపమండలు తెచ్చేవాళ్లు, అక్కడ మాత్రం తక్కువా, ఒంట్లో కారణం దొరకని ఇలాంటి జబ్బులకి పెట్టిన హిస్టీరియా అన్న పేరే గర్భసంచికి గ్రీకులు వాడే మాటలోంచి పుట్టింది! మండే ఎండల్లో ఆరు వారాలు ఆ పిల్ల నీళ్లు ముట్టలేదు, గ్లాసు పెదాలదాకా తెచ్చి తోసేసేది, పళ్లతోనే దాహం తీర్చుకునేది. ఒకరోజు హిప్నాసిస్‌లో, అంటే డాక్టరు మాటలతో తెప్పించే నిద్రలాంటి స్థితిలో, ఇంట్లో ఉండే ఇంగ్లీషావిడ కుక్క గ్లాసులో నీళ్లు తాగడం చూశానని, మర్యాదకి నోరు మూసుకున్నానని కోపమంతా కక్కేసి, నీళ్లడిగి గటగటా తాగుతూ మేలుకుంది. దీన్ని తనే 'మాటల వైద్యం' అంది, సరదాగా 'పొగగొట్టం దులపడం' అని కూడా అంది. తర్వాత ఆమె శానిటోరియంలో చేరాల్సి వచ్చింది, బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి 1895లో వేసిన పుస్తకంలో ఆ ముక్క లేదు, అదీ సంగతి.

ఫ్రాయిడ్‌కేమో హిప్నాసిస్ అందరి మీదా పారలేదు. "నిద్రొస్తోంది, నిద్రొస్తోంది" అని ఈయనంటే "రావట్లేదు డాక్టరుగారూ" అని వాళ్లు. సరే అని ఫ్రాన్సులోని నాన్సీలో బెర్న్‌హైమ్ అనే హిప్నాసిస్ డాక్టరు దగ్గర చూసొచ్చినట్టు నుదుటి మీద చెయ్యి నొక్కి, ఇప్పుడు గుర్తొస్తుంది చెప్పండి అనేవాడు. ఒకావిడ విసుక్కుని, ఊరికే ప్రశ్నలెయ్యకండి, నన్ను చెప్పనివ్వండి అంది. అలా హిప్నాసిస్ నిద్రా పక్కకి పోయింది, నుదుటి మీద చెయ్యీ పోయింది, పడుకునే కౌచ్ ఒక్కటే మిగిలింది. అది హిప్నాసిస్ నాటి మిగులే అని, రోజుకి ఎనిమిది గంటలు జనం నా మొహంలోకి చూస్తుంటే భరించలేనని 1913లో ఆయనే రాసుకున్నాడు.

కానీ ఆ మిగులుతోనే పెద్ద పని జరిగింది. ఎదుటివాళ్ల కనుబొమ్మ కాస్త లేస్తే చాలు మనం టాపిక్ మార్చేస్తాం, మొహమే కనపడకపోతే దేన్ని చూసి మారుస్తాం? రైల్లో కిటికీ పక్కన కూర్చుని, బయట కనపడేదంతా లోపలివాళ్లకి చెప్తున్నట్టు చెప్పండి అనేవాడు పేషెంట్లకి. ఈ రైలు నాకు భలే నచ్చింది. పొలాలు చెప్పి పట్టాల పక్క చెత్తకుప్పలు దాటేస్తే, డాక్టరు చెవి నిక్కబొడుచుకునేది ఆ దాటేసిన చోటే. "ఇంకేం లేదండీ" అన్నారంటే బండి అవుటర్లో ఆగినట్టు, స్టేషన్ దగ్గర్లోనే ఉంది, సిగ్నల్ ఇవ్వనిది మీరే, దాన్నే రెసిస్టెన్స్ అంటారు. ఇక వెనకాల మనిషి కనపడడు కాబట్టి అక్కడ నాన్న మొహమో, పాత ప్రేమో మనమే అతికించేస్తాం, చీకట్లో తాడు పామైనట్టు. అది ట్రాన్స్‌ఫరెన్స్.

ఫ్రాయిడ్ చెప్పినవాటిలో చాలావాటికి సరైన రుజువుల్లేవు, నేనూ నమ్మను. 1938లో నాజీల వల్ల వియన్నా వదిలినప్పుడు కౌచ్ కూడా లండన్ వెళ్లింది, ఇప్పటికీ అక్కడి ఇంట్లోనే ఉంది, మీద పర్షియన్ తివాచీతో.

ఎంతకి కొన్నాడట అని మేనకోడలి రెండో ప్రశ్న. కొనలేదే, 1890 ప్రాంతంలో ఒక పేషెంటే ఇచ్చింది.