వోల్టేజి పెంచితే వేడి ఎందుకు తగ్గుతుంది?

అనంతపురం పాలిటెక్నిక్ విద్యార్థి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "ఓమ్ నియమం ప్రకారం వోల్టేజి పెరిగితే కరెంటూ పెరగాలి కదా? మరి ఎలక్ట్రిక్ కార్ల 800 వోల్టుల చార్జింగులో కేబుల్ తక్కువ వేడెక్కుతుందంటారేం?"

చాలా మంచి ప్రశ్న. సూత్రం బట్టీ పట్టిస్తారు గానీ, అందులోని వోల్టేజి ఏ రెండు చోట్ల మధ్యదో క్లాసులో గట్టిగా చెప్పరు. కేబుల్‌కు ఓమ్ నియమం వాడేటప్పుడు 800 వేయకూడదు. కేబుల్ ఈ కొసకీ ఆ కొసకీ మధ్య పడిపోయే అర వోల్టో, ఒక వోల్టో వేయాలి.

బోరు కింద సేద్యం చేసే సీమ రైతుకు ఇది కొత్త కాదు. లో వోల్టేజి వస్తే మోటారు కాలిపోతుంది. తోడాల్సిన నీళ్లు తగ్గవు కాబట్టి మోటారు ఆంప్స్ ఎక్కువ లాగుతుంది. వేడి ఆంప్స్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది, వైండింగ్ మాడిపోతుంది. 800 వోల్టుల చార్జింగు దీన్నే తిరగేసి వాడుకుంటుంది.

లెక్క చూడండి. వోల్టులను ఆంప్స్‌తో గుణిస్తే వాట్లు. బ్యాటరీకి 160 కిలోవాట్లు ఇవ్వాలంటే 400 వోల్టుల దగ్గర 400 ఆంప్స్ కావాలి, 800 దగ్గర 200 చాలు. 70 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, 5 మీటర్ల పొడవు అనుకుందాం. రానూపోనూ నిరోధం సుమారు 2.5 మిల్లీ ఓమ్‌లు. 400 ఆంప్స్‌కి 400 వాట్ల వేడి, 200 ఆంప్స్‌కి 100 వాట్లే! కరెంటు సగమైతే వేడి పావు వంతు. కర్నూలు దగ్గర 765 కిలోవోల్టుల సబ్‌స్టేషన్ ఉన్నదీ ఈ లెక్క మీదే.

అసలు ఇబ్బంది గన్ (కారుకు తగిలించే చార్జరు ప్లగ్గు) పిన్నుల దగ్గర. దుమ్ము పట్టి, అరిగి ఒక పిన్ను దగ్గర నిరోధం 1 మిల్లీ ఓమ్‌కి చేరితే, 400 ఆంప్స్‌కి అంత చిన్న చోట 160 వాట్లు పుడతాయి. 200కైతే 40. పిన్ను 90 డిగ్రీల దరిదాపులకు వస్తే సెన్సరు చెబుతుంది, చార్జరు కరెంటు తగ్గిస్తుంది. బయటే 45 డిగ్రీలుండే మే నెల మధ్యాహ్నం అందులో సగం ముందే అయిపోయినట్టు.

800 అంటే షాక్ ఎక్కువని భయపడేవాళ్లున్నారు. 400 వోల్టుల డీసీ కూడా ప్రాణం తీసేదే. గన్ లాక్ పడి, కరెంటు బయటికి లీకవడం లేదని చూసే ఇన్సులేషన్ పరీక్ష పాసయ్యాకే చార్జింగు మొదలవుతుంది.

44వ జాతీయ రహదారి మీద ఆగినప్పుడు కిలోవాట్ల బోర్డు ఒక్కటే చూడకండి. నేమ్‌ప్లేటు మీద అవుట్‌పుట్ 500 వోల్టుల దాకానా, 1000 దాకానా చదవండి. 500 దగ్గర ఆగిపోయే చార్జరు 800 వోల్టుల బ్యాటరీని నేరుగా నింపలేదు. కియా ఈవీ6 లాంటి 800 వోల్టుల కారైతే తన మోటారు, ఇన్వర్టర్లతోనే వోల్టేజి పెంచుకుంటుంది, కానీ నెమ్మదిగా. రెండు గన్‌లున్న 180 కిలోవాట్ల చార్జరుకు పక్కన ఇంకో కారు పెడితే మీకు 90కి పడిపోవచ్చు.

చల్లబడుతుందని గన్ పిడికి తడిగుడ్డ చుట్టకండి. సెన్సరు తప్పు చెప్పవచ్చు. నీళ్లు పిన్నుల్లోకి దిగితే ఇన్సులేషన్ పరీక్ష ఫెయిలై చార్జింగు మొదలే కాదు. అలా ఆగిపోతే, పిన్నుల్లో వేలు గానీ గుడ్డ గానీ పెట్టకుండా గన్ తీసి తిరిగి తగిలించుకోండి, లేదా ఇంకో గన్‌కు మారండి.