అమెరికా జైలు నుంచి లాయర్ లేకుండా వేసే దావా: అపోహలు - వాస్తవాలు

అమెరికా ఫెడరల్ కోర్టుల్లో ఖైదీలు సొంతంగా వేసుకునే పౌరహక్కుల దావాల కాగితాలు చూడటం నా పని. మన తెలుగు కుటుంబాలు కూడా అప్పుడప్పుడు ఫోన్ చేస్తాయి. తరచుగా వినిపించే మాటలు ఇవి.

అపోహ: జడ్జిగారికి ఉత్తరం రాస్తే చాలు.

తిహార్ జైలు నుంచి సునీల్ బాత్రా రాసిన ఉత్తరాన్ని మన సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. ఆ అలవాటుతో ఇక్కడా అదే ఆశిస్తారు. ఇక్కడ ఫిర్యాదు దాఖలు చేయాలి. రాష్ట్ర, కౌంటీ అధికారుల మీదైతే 1871 నాటి పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన సెక్షన్ 1983 కింద. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో రాయాలి. నష్టపరిహారం కోసం రాష్ట్రం మీదో, రాష్ట్ర జైలు మీదో వేస్తే నిలవదు, బాధ్యులైన మనుషుల మీద వేయాలి. ఇంగ్లిష్ సరిగా రాదని మాత్రం టెన్షన్ వద్దు. లాయర్ లేని ఖైదీ రాతను ఉదారంగా చదవాలని 1972లోనే హేన్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది.

అపోహ: జరిగింది నిజమైతే నేరుగా కోర్టుకు వెళ్లొచ్చు.

నేను చూసే దావాల్లో చాలావరకు కూలిపోయేది ఇక్కడే. ఖైదీల దావాల మీద వచ్చిన 1996 చట్టం ప్రకారం ముందు జైల్లోని గ్రీవెన్స్ (జైలు అధికారులకే రాసిచ్చే ఫిర్యాదు) మెట్లన్నీ ఎక్కాలి, అదీ గడువులోపు. టెక్సస్ రాష్ట్ర జైళ్లలో మొదటి మెట్టుకు 15 రోజులే. దెబ్బలు తిని మంచాన పడ్డవాడికి అదేం గడువో నాకెప్పుడూ అర్థం కాదు. మొదటి జవాబు నచ్చకపోతే రెండో మెట్టు కూడా ఎక్కాల్సిందే. గడువు దాటాక ఇచ్చిన గ్రీవెన్స్ లెక్కలోకి రాదని 2006లో వుడ్‌ఫర్డ్ కేసు తేల్చింది. అధికారులు బెదిరించి అడ్డుకుంటే ఆ దారి అసలు అందుబాటులో లేనట్టే అని 2016లో రాస్ కేసు చెప్పింది. కానీ దాన్ని నమ్మించడానికి ఆధారం కావాలి. అందుకే ప్రతి ఫారానికీ నకలు దాచమనండి, దొరక్కపోతే చేత్తో తిరగరాసి పెట్టుకోమనండి. ఇంట్లోవాళ్లు తేదీలు నోట్ చేసుకోవాలి. జైలు ఫోన్లు రికార్డు అవుతాయి, మాట్లాడేటప్పుడు అది గుర్తుండాలి.

అపోహ: డబ్బు లేకపోతే ఫీజు ఉండదు.

వాయిదాలే తప్ప మాఫీ లేదు. 350 డాలర్లు పూర్తయ్యేదాకా ఖైదీ ఖాతాలో పడే సొమ్ములో నెలకు 20 శాతం కోర్టుకు పోతుంది. సబ్బులకని అమ్మ పంపిన వంద డాలర్లలోనూ ఇరవై పోతాయి. రెండు దావాలుంటే నలభై. కేసు కొట్టేసినా బాకీ మిగులుతుంది. పసలేనివని మూడు కొట్టేస్తే, ప్రాణాపాయం లాంటిది ఎదురుగా ఉంటే తప్ప ఆ వాయిదాల వెసులుబాటు కూడా ఉండదు.

అపోహ: కోర్టే లాయర్‌ను ఇస్తుంది.

అది క్రిమినల్ కేసులకు. సివిల్ దావాలో జడ్జి ఏ లాయర్‌నైనా అడిగి చూడగలరు, అంతే.

అపోహ: గెలిస్తే విడుదల చేస్తారు.

విడుదలకు దారి హేబియస్ కార్పస్, అంటే జైల్లో ఉంచడమే చెల్లదని వేసే పిటిషన్. ఈ దావా జైల్లో ఎలా చూశారన్నదాని గురించి.

అపోహ: వైద్యం సరిగా చేయకపోతే కేసు గెలిచినట్టే.

1976 నాటి గాంబుల్ కేసు చూడండి. టెక్సస్ జైల్లో పని చేస్తుండగా పత్తి బేలు మీద పడిన ఖైదీ చేత్తో రాసిన దావా అది. తీవ్రమైన జబ్బును తెలిసీ పట్టించుకోకపోతే రాజ్యాంగ విరుద్ధమన్న సూత్రం దాన్నుంచే వచ్చింది. డాక్టర్ పొరపాటు మాత్రం చాలదని కూడా అదే తీర్పు చెప్పింది. అందుకే గాంబుల్‌కు డాక్టర్ మీద గెలుపు దక్కలేదు.

అపోహ: వీటిని ఎవరూ గెలవరు.

ఎక్కువ ఓడిపోతాయి, నిజమే. కానీ అర అంగుళం గడ్డం పెంచుకునే మతహక్కు కోసం అర్కన్సా ఖైదీ గ్రెగరీ హోల్ట్ చేతిరాతతో సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 2015లో తొమ్మిదిమంది జడ్జీలూ అతని వైపే నిలిచారు.

అపోహ: దావా వేశాక కోర్టే చూసుకుంటుంది.

ఖైదీని వేరే జైలుకు మారిస్తే కొత్త చిరునామా అతనే కోర్టుకు రాయాలి. ఉత్తరాలు తిరిగొస్తే, పట్టించుకోవడం లేదని కేసు మూసేస్తారు.