ఆపరేషన్‌కు ముందు ఆక్సిజన్ మాస్క్: అపోహలు - వాస్తవాలు

టేబుల్ మీద పడుకోబెట్టి మాస్క్ దగ్గరికి తేగానే చాలామంది ముఖం తిప్పేసుకుంటారు, లేదంటే ఊపిరి బిగబడతారు. మత్తు డాక్టర్‌గా నాకిది రోజూ కనబడేదే.

అపోహ: ఆక్సిజన్ పెట్టారంటే కేసు సీరియస్. వేలికి పెట్టిన క్లిప్పు 99 చూపిస్తోంది కదా, ఇంకెందుకు?

వాస్తవం: ఆ 99 రక్తంలో ఆక్సిజన్ శాతం (సాచురేషన్) సంగతి, ఊపిరితిత్తుల్లో నిల్వ ఎంతుందో అది చెప్పదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, మిగతాది దాదాపు నైట్రోజనే. 3 నిమిషాలు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే నైట్రోజన్ పోయి ఆ చోటంతా ఆక్సిజన్ నిండుతుంది. మత్తెక్కి ఊపిరి ఆగాక, మేం శ్వాసనాళంలోకి ట్యూబ్ వేసేదాకా ఆదుకునేది ఆ నిల్వే. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు సుమారు 8 నిమిషాలు వస్తుంది, అది లేకపోతే నిమిషం దాటగానే సాచురేషన్ పడిపోతుంది. ట్యూబ్ త్వరగా పడనప్పుడు ఈ తేడా మీదే ప్రాణం ఆధారపడుతుంది.

ఒక పెద్దావిడ నా చెయ్యి నెట్టేశారు. భర్తకి చివరి రోజుల్లో మాస్క్ పెట్టారట, ఆ భయం. "అమ్మా, ఇది ఒట్టి ఆక్సిజనే, మీరే పట్టుకోండి" అని చేతికిచ్చాను. ముక్కు పక్కన కాస్త సందు ఉన్నంతసేపూ, ఆవిడ వదిలే ఊపిరిలో ఆక్సిజన్ మానిటర్ మీద 70 దగ్గరే ఆగిపోయింది. మాస్క్ సరిగ్గా ఆనించాక 80, 85, 90. మాకు కావలసింది 90. సందులోంచి బయటి గాలి చొరబడితే 3 నిమిషాలు పెట్టినా పూర్తి ఫలితం రాదు, అందుకే అంత గట్టిగా ఆనిస్తాం, ఊపిరాడనివ్వకుండా చేయడానికి కాదు.

అపోహ: చంటిపిల్లలకు కొంచెం చాలు.

వాస్తవం: కిలో బరువుకి వాళ్లు పెద్దవాళ్లకంటే దాదాపు రెట్టింపు ఆక్సిజన్ వాడతారు. 6 నెలల లోపు బిడ్డకు నిండా నింపినా నిమిషన్నరకే సాచురేషన్ 90కి పడిపోతుంది. ఏడుస్తున్న బిడ్డ ముఖానికి మాస్క్ ఆనదు, కాబట్టి చాలాసార్లు మాస్క్‌తోనే ఆక్సిజన్‌లో మత్తు గ్యాస్ కలిపి ఇస్తాం. అమ్మానాన్నలు కంగారు పడక్కర్లేదు.

అపోహ: ముసలివాళ్లకు నాలుగు గట్టి శ్వాసలు చాలు.

వాస్తవం: చాలవు. వాళ్లలో చిన్న గాలిగొట్టాలు త్వరగా మూసుకుపోతాయి, నైట్రోజన్ నెమ్మదిగా పోతుంది. పూర్తి 3 నిమిషాలూ ఇవ్వాలి, ఊపిరితిత్తుల జబ్బు ఉంటే ఇంకా ఎక్కువ.

గర్భిణులకు, బాగా లావుగా ఉన్నవాళ్లకు తల వైపు ఎత్తి పెడతాం, పొట్ట బరువు ఊపిరితిత్తుల మీద పడకుండా.