ఉద్యోగానికి తూకం ఎప్పుడు మొదలైంది?

2022 ఏప్రిల్ 7, ప్రపంచ ఆరోగ్య దినోత్సవం నాడు బెంగళూరులో షేర్ల బ్రోకరేజీ కంపెనీ జెరోధా అధినేత నితిన్ కామత్ ఒక ప్రకటన చేశారు. బీఎంఐ (కేజీల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 25 లోపు ఉన్న ఉద్యోగులకు సగం నెల జీతం బోనస్. కంపెనీ మొత్తం సగటు 25.3 ఉంది, ఆగస్టుకల్లా అది 24 లోపుకు దిగితే అందరికీ ఇంకో సగం నెల. బీఎంఐ అంత గొప్ప కొలత కాదని ఆయనే ఒప్పుకున్నారు, మొదలుపెట్టడానికి అదే సులువన్నారు. కొందరు భేష్ అన్నారు. ఇది బాడీ షేమింగ్ కాదా అని ఇంకొందరు నిలదీశారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ జీతానికీ తూకానికీ ముడి పడటం మన దేశంలో అది మొదటిసారి కాదు.

బీఎంఐ లెక్క కనిపెట్టింది డాక్టరు కాదు. 1830లలో బెల్జియంకు చెందిన అడాల్ఫ్ కెట్లే అనే ఖగోళ, గణాంక శాస్త్రవేత్త జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడో తేల్చే పనిలో ఎత్తుకూ బరువుకూ ఒక సూత్రం కట్టాడు. ఒక్కొక్క మనిషి ఆరోగ్యం తేల్చడం ఆయన పని కాదు. ఆ తర్వాత రంగంలోకి దిగినవి బీమా కంపెనీలు. ఎవరు ముందు పోతారో, ఎవరి దగ్గర ఎక్కువ ప్రీమియం లాగాలో వాళ్లకు కావాలి కదా! అమెరికాలో మెట్రోపాలిటన్ లైఫ్ 1940లలో ఎత్తుకు తగ్గ బరువు పట్టికలు వేసింది. కెట్లే సూత్రానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరుపెట్టింది 1972లో అమెరికా శాస్త్రవేత్త అన్సెల్ కీస్. అలా జనాభా లెక్క కాస్తా బీమా లెక్కయి, చివరికి హెచ్‌ఆర్ వాళ్ల చేతికొచ్చింది.

మన దగ్గర ఇలా ఉద్యోగానికీ ఒంటికీ ముడిపెట్టడం బాహాటంగా నడిచింది విమానాల్లో. ఎయిర్ హోస్టెస్ అంటే 35 ఏళ్లకు రిటైర్ కావాలి, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకుంటే ఇంటికి పోవాలి, మొదటి గర్భంతోనే ఉద్యోగం పోతుంది. ఇవీ అప్పటి ఎయిర్ ఇండియా రూల్స్. ఎయిర్ హోస్టెస్ నర్గేశ్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు గర్భం రూల్‌ను కొట్టేసింది, పెళ్లి రూల్‌ను మాత్రం ఉంచింది. ఇప్పుడు చదివితే ఒళ్లు మండుతుంది.

బరువు మీద గొడవ 2000ల్లో కోర్టుకెక్కింది. నిర్ణీత బరువు దాటారని ఇండియన్ ఎయిర్‌లైన్స్ తమను ఫ్లైట్ డ్యూటీ నుంచి దించేసిందని ఎయిర్ హోస్టెస్‌లు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. 2007లోనూ, అప్పీలుపై 2008లోనూ ఓడిపోయారు. ఆ ఉద్యోగానికి ఆకారమూ ముఖ్యమేనన్న వాదనే నెగ్గింది. 2009 జనవరిలో, అప్పటికే ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను కలుపుకున్న ఎయిర్ ఇండియా కొందరిని ఏకంగా తీసేసింది.

2014లో పౌర విమానయాన డైరెక్టరేట్ కేజీల బదులు బీఎంఐ పెట్టింది. క్యాబిన్ సిబ్బందిలో మగవాళ్లకు 18 నుంచి 25, ఆడవాళ్లకు 18 నుంచి 22. ఇక్కడ కాస్త ఆగి లెక్క వేయాలి. ఇద్దరిదీ 160 సెంటీమీటర్ల ఎత్తు అనుకుందాం. మగవాడు 64 కేజీలు ఉన్నా పాస్. అమ్మాయి 56 దాటితే టెన్షన్ మొదలు. 58 కేజీలున్న అమ్మాయి బీఎంఐ 22.7. భారతీయులకు అధిక బరువు 23 దగ్గర మొదలవుతుందని మన డాక్టర్లు చెప్పే కఠినమైన లెక్కలో కూడా ఆమె మామూలు మనిషే. విమానం ఎక్కితే మాత్రం ఓవర్ వెయిట్! సీట్ల మధ్య దారిలో కదలడం, అత్యవసర ద్వారం తెరవడం భద్రతకు కావాలంటారు, కాదనలేం. అదే భద్రత మగవాడికి ఇంకో ఎనిమిది కేజీలు ఎలా వదిలేసిందో ఎవరూ చెప్పలేదు.

2018లో కర్ణాటక రాష్ట్ర రిజర్వు పోలీసు సిబ్బందిని బరువు తగ్గకపోతే సస్పెన్షనే అని పై అధికారులు హెచ్చరించారు. పోలీసు ఉద్యోగంలో పరుగు అవసరమే. అయితే పరుగెత్తించి చూడొచ్చుగా, బరువు తూచడం దేనికి?

ఇంతవరకూ చెప్పినవన్నీ కాగితం మీద ఉన్న రూల్స్. బెంగళూరు ఆఫీసుల్లో మనవాళ్లకు ఎదురయ్యేది వేరే రకం. మారతహళ్లి పీజీలో ఉంటూ వైట్‌ఫీల్డ్‌లో పనిచేసే ఒక కడప అమ్మాయి తెలుసు నాకు. "డెమో మొత్తం నేనే చేశా అన్నా. క్లయింట్ వచ్చిన రోజు మాత్రం నువ్వు బ్యాకెండ్‌లో ఉండి సపోర్ట్ చెయ్యమ్మా అన్నారు" అంది. ఆ ఏడాది అప్రైజల్‌లో ఒక్క ముక్క రాశారు: క్లయింట్ ముందు ప్రెజెన్స్ మెరుగుపడాలి. ఏం మెరుగుపరచుకోవాలని మేనేజర్‌ని అడిగితే, "నీకు తెలుసు కదా, జుంబా క్లాసులు మన క్యాంపస్‌లోనే ఉన్నాయి" అన్నాడట. ప్రమోషన్ రాలేదు. చొక్కా గుండీలు పట్టని పొట్టతో ఆ మేనేజరే క్లయింట్‌తో డిన్నర్‌కు వెళ్లాడు.

ఇది ఆమె ఒక్కతి అనుమానం కాదు. అమెరికా, జర్మనీ ఉద్యోగుల జీతాలు పరిశీలించి పరిశోధకులు టిమోతీ జడ్జ్, డేనియల్ కేబుల్ 2011లో తేల్చింది ఇదే. బాగా సన్నగా ఉన్న ఆడవాళ్లకు జీతం ఎక్కువ, బరువు పెరిగేకొద్దీ కోత. మగవాళ్లలో మాత్రం బక్కపలచని వాళ్లకే నష్టం, ఊబకాయం వచ్చేదాకా బరువుతోపాటు జీతమూ పెరిగింది.

ఎయిర్ హోస్టెస్‌లు ఓడినా, కనీసం కోర్టు మెట్లెక్కగలిగారు. వాళ్ల యజమాని అప్పట్లో ప్రభుత్వ సంస్థ, రూల్ రాతలో ఉంది, తేడా ఎన్ని కేజీలో అంకె ఉంది. ప్రైవేటు కంపెనీ మీద రాజ్యాంగంలోని సమానత్వ హక్కుల 14, 16 అధికరణాలు పట్టుకుని వెళ్లలేం. వెళ్లినా 16వ అధికరణంలో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం ఉన్నాయి, బరువు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లోనూ ఊబకాయం లేదు.

1976లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఎత్తు, బరువు చూసి ఉద్యోగంలో వివక్ష చూపకూడదని చట్టం చేసింది. న్యూయార్క్ నగరం ఆ పని 2023లో చేసింది. అదే 1976లో మన పార్లమెంటు సమాన వేతన చట్టం తెచ్చింది. అందులో ఉన్నది ఆడామగా తేడా ఒక్కటే. ఆ చట్టం 2019 వేతన కోడ్‌లో కలిసిపోయింది, ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఇందులోనూ బరువు ఊసు లేదు. కాబట్టి కడప అమ్మాయి ఫిర్యాదు చేయాలంటే లావు గురించి కాదు, పొట్ట ఉన్న మగవాడికి లేని షరతు తనకెందుకు పెట్టారని అడగాలి. అది నిరూపించడానికి ఆమె దగ్గరున్నది అప్రైజల్‌లోని ఆ ఒక్క ముక్క. అదే టీమ్‌లో లావుగా ఉన్న కుర్రాడిని పక్కనపెడితే, అతనికి ఈపాటి దారి కూడా లేదు.