పడిశం పట్టిన మనవలకు

పెదవాల్తేరు, విశాఖపట్నం.

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో మీ ముక్కు దిబ్బడ గొంతులు విన్నాను. ఆర్కే బీచ్‌లో వానకు తడిసినందుకే మీకు పడిశం పట్టిందని అమ్మమ్మ తేల్చేసింది. వాన ఒక్కదానికే ఆ శక్తి లేదు. రెండు వందలకు పైగా వైరస్‌లు పడిశం తెస్తాయి. వాటిలో ముఖ్యమైన రైనోవైరస్‌కు ఒంట్లోని 37 డిగ్రీల వేడి కన్నా ముక్కులో ఉండే సుమారు 33 డిగ్రీల చల్లదనమే నచ్చుతుంది కాబట్టి అది అక్కడే కాపురం పెడుతుంది. అయినా అమ్మమ్మ మాటను పూర్తిగా కొట్టిపారేయలేను; ముసురు పట్టినప్పుడు కిటికీలు మూసి అందరం ఒకే గదిలో చేరతాం, అప్పుడు ఒకరి తుమ్ము నలుగురికీ అందుతుంది.

మొన్న మద్దిలపాలెం వెళ్లే సిటీ బస్సులో ఒక కుర్రవాడు అరచేతిలోకి తుమ్మి, అదే చేత్తో కడ్డీ పట్టుకున్నాడు. అతడు దిగాక, యూనిఫాంలో ఉన్న ఒక పాప సరిగ్గా అక్కడే పట్టుకుని, రెండు నిమిషాలైనా గడవకముందే కన్ను నలుపుకుంది. తుంపర్ల దారి ఎలాగూ ఉంది, ఇది చేతుల దారి. అందుకే మోచేతి మడతలోకి తుమ్మండి. ఇంటికి రాగానే సబ్బుతో 20 సెకన్లయినా చేతులు రుద్దుకోండి.

ఫ్లూ వేరే సంగతి. పడిశం గొంతు గరగరతో నెమ్మదిగా మొదలైతే, ఇన్‌ఫ్లుయెంజా వైరస్ పొద్దున ఆడుకున్నవాణ్ణి సాయంత్రానికి జ్వరంతో, ఒళ్లు నొప్పులతో మంచాన పడేస్తుంది. మన దేశంలో అది జనవరి, మార్చి మధ్య ఒకసారి, వానల కాలంలో మరోసారి పెరుగుతుంది. ఏటా రూపు మార్చుకుంటుంది కనుక దాని టీకా ఏటా వేయించుకోవాలి.

ఇక మందుల మాట. ఒకప్పుడు నేను డాక్టరును అడగకుండా యాంటీబయాటిక్ కొనుక్కుని, మూడు రోజులు మింగి, పడిశం తగ్గిందని మిగిలిన మాత్రలు డబ్బాలో దాచుకున్నాను. నిజానికి అది తగ్గే రోజు వచ్చి తగ్గింది. ఆ మందు బాక్టీరియాను చంపుతుంది గానీ వైరస్‌ను ఏమీ చేయలేదు. చీమిడి పచ్చబడిందని కంగారు పడకండి, ఆ రంగు మన తెల్ల రక్తకణాల వల్ల వచ్చేది. గోరువెచ్చని నీళ్లు, మిరియాల చారు, నిద్ర చాలు. దగ్గుకు చెంచాడు తేనె మంచిదే, కానీ ఏడాది నిండని తమ్ముడికి నాకించకండి. జ్వరానికి పారాసెటమాల్‌ను మీ బరువును బట్టి అమ్మ ఇస్తుంది. ఆస్పిరిన్ మాత్రం పిల్లలు వేసుకోకూడదు. ఆవిరికని మరిగే గిన్నె ముందు కూర్చోవద్దు, నా కుడిపాదం మీది మచ్చ అలా వచ్చిందే.

ఎగశ్వాస వచ్చినా, నీళ్లు కూడా తాగలేకపోయినా, జ్వరం మూడు రోజులు దాటినా, తగ్గి మళ్లీ వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఫ్లూకు డాక్టర్లు రాసే ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. అంతవరకూ రాకపోయినా, జ్వరం పూర్తిగా వదిలేదాకా బడికి వెళ్లకండి. మీ మాస్టారికి చీటీ నేను రాసిస్తాను.

మీ తాతయ్య